నడిచేవి నాలుగే

1967 ఏప్రిల్ 6న హైదరాబాదులో ముకర్రం జా ఎనిమిదవ నిజాముగా గద్దెనెక్కారు. వేడుక ముగిశాక ఆయనను తీసుకుపోవలసిన కారు మొరాయించింది. గ్యారేజీ సంగతి ఎరిగినవాళ్ళకు అది వింతేమీ కాదు. ఆ ఫిబ్రవరిలో కన్నుమూసిన తాత మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మనవడికి వదిలిపోయిన కార్లు 60 దాకా ఉంటాయి. వాటిలో నడిచేవి నాలుగే. పెట్రోలుకనీ సామాన్లకనీ ఏటా వేల పౌండ్లు మాత్రం ఖర్చవుతూనే ఉండేవి.

ఆ కార్లు తిరిగి తిరిగి అరిగినవి కావు, నిలబడి చెడినవి. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండు నుంచి తెప్పించదలచిన పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్టునే తీసుకోండి. వెనుక సీటు బదులు సింహాసనం వంటి ఆసనం అమర్చిన బండి అది. అది చేతికి రాకముందే, 1911లో, ఆయన పోయారు. కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ఎప్పుడో తప్ప బయటికి తీయలేదు. అది తిరిగిన మొత్తం దూరం 356 మైళ్ళంటారు. కరీంనగర్ నుంచి హైదరాబాదుకు రెండుసార్లు పోయివచ్చినంత కూడా కాదు.

నిలబడ్డ కారు ఎట్లా పాడవుతుందో మా కరీంనగర్ షెడ్లలో రోజూ కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి చెట్టుకింద పడి ఉన్న అంబాసిడర్‌ను తోసుకొచ్చినాయన ముందు బానెట్టే ఎత్తుతాడు. కొత్త బ్యాటరీ పెట్టి, కార్బొరేటర్‌లో నాలుగు చుక్కల పెట్రోలు పోసి తాళం తిప్పితే ఇంజన్ ఒక్కసారి గుర్రుమంటుంది. ఆ చప్పుడుకే ఆయన మనసు జారిపోతుంది. ఇంజన్ బాగానే ఉంది, రంగు కొట్టిస్తే చాలనుకుంటాడు. డెంటింగ్ మేస్త్రి తొందరపడడు. “సార్, ఇంజన్ సంగతి తర్వాత. ముందుగాల కింద మ్యాట్ లేపి చూడుండ్రి” అంటాడు. మ్యాట్ కింద వాన నీళ్ళు పీల్చి ముద్దైన గోనె, దాని కింద రేకు. స్క్రూడ్రైవర్ కొనతో ఒత్తితే ఎర్రటి పొరలు పొరలుగా రాలి, ఆ బొక్కలోంచి షెడ్డు నేల కనిపిస్తుంది. అంబాసిడర్‌కు లారీలకున్నట్టు వేరే చాసీ ఉండదు, బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద పొడవునా పోయే రేకుకు జంగు పట్టిందంటే, జాకీ ఎత్తగానే బండి నడుము దిగి తలుపులు పడవు. దానిమీద లప్పం పెట్టి రంగు కొట్టిస్తే ఫోటోకు బాగుంటుంది, నాలుగు వానలకే మళ్ళీ ఉబ్బుతుంది. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారాలో 2014లో అంబాసిడర్ తయారీ ఆపేసింది. ఇప్పుడు ఒక బండి లేవాలంటే ఇంకొకటి తుక్కు కావాలి. అందుకని రెండో బండి కొంటారు, సామాన్లకోసం. అది చూడగానే దాన్నీ నిలబెట్టొచ్చేమోనన్న ఆశ పుడుతుంది. రెండూ విప్పేసి, డబ్బు అయిపోయి, నట్లు బోల్టులు డబ్బాల్లో కలిసిపోయి ఆగిన బండ్లు ఎన్నో. అట్లా విప్పి వదిలేసిన బండి కంటే ముట్టుకోని బండే నయం.

ముకర్రం జాకు ఆ ఆశ బాగా తెలుసు. తల్లి దుర్రు షెహ్వార్ ఆఖరి ఉస్మానియా ఖలీఫా కూతురు. చదువు హారోలో, కేంబ్రిడ్జిలో, సైనిక శిక్షణ శాండ్‌హర్స్ట్‌లో. అయినా ఆయన చేయి దర్బారు కంటే స్పానర్నే ఎక్కువ కోరుకుంది. నీలి ఓవరాల్స్ తొడుక్కుని బానెట్ల కింద దూరితే లోకం మరిచేవారు. ఇంజన్ చెడితే కారణం ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ఆయనకు వారసత్వంగా వచ్చిన కొలువు అట్లాంటిది కాదు. కొలువులో సిబ్బంది, వాళ్ళ మీద ఆధారపడ్డవాళ్ళు కలిసి 14,718 మంది. పైన బంధువుల దావాలు. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. ఆ చిక్కుముడి ఏ పానాకూ లొంగలేదు.

70లలో ఆయన అన్నీ వదిలి పశ్చిమ ఆస్ట్రేలియా వెళ్ళిపోయారు. మర్చిసన్ నది ఒడ్డున 5 లక్షల ఎకరాల గొర్రెల క్షేత్రం కొన్నారు. అక్కడా బుల్డోజర్లే సోపతి. ఇక్కడ హైదరాబాదులో మహళ్ళకు తాళాలు పడ్డాయి, వస్తువులు ఒక్కొక్కటే మాయమయ్యాయి. అక్కడా అప్పులు కమ్ముకున్నాయి. క్షేత్రం చేజారింది. 1996లో ఆస్ట్రేలియా విడిచి టర్కీ చేరారు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా ధనవంతుడన్న పేరున్న మనిషి వారసుడు అంతాల్యాలో చిన్న ఫ్లాటులో ఉన్నారు.

ఈ రాజ్యం మీద జాలి పడమని నేను అడగను. ఆదిలాబాద్ అడవుల్లో, జోడేఘాట్‌లో, 1940లో కొమురం భీం నేలకొరిగింది ఈ రాజ్యం తూటాలకే. ఆ మహళ్ళ సిరిలో మా పల్లెల వెట్టి చెమట ఉంది. నా దుఃఖం రాజ్యం కోసం కాదు. పనిమీద నిజమైన ప్రేమ ఉండీ, ఏది బాగుచేయగలడో ఏది చేయలేడో తేల్చుకోలేకపోయిన ఒక మనిషి కోసం.

ఆ తేల్చుకునే పని చివరికి ఆయన మొదటి భార్య, విడాకులై ఏళ్ళు గడిచిన రాకుమారి ఎస్రా చేతికి వచ్చింది. ఆమె ముందు తాళాలు తీయించారు, ఉన్నదేమిటో లెక్క రాయించారు. దావాలు వేసినవాళ్ళతో రాజీకి కూర్చున్నారు. పైకప్పుల పని ఆ తర్వాతే. ఆ మహళ్ళలో ఒకటైన చౌమహల్లా 2005లో జనానికి తెరుచుకుంది, 2010లో యునెస్కో పురస్కారం పొందింది. పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ బాగై ఇప్పుడు అక్కడే ఉంది. తాత గ్యారేజీలోని అరవైలో అందరికీ గుర్తున్నది ఈ ఒక్కటే.

ముకర్రం జా 2023 జనవరి 14న ఇస్తాంబుల్‌లో చనిపోయారు. నాలుగు రోజుల తర్వాత మక్కా మసీదులో, తండ్రి సమాధి దగ్గర, తెలంగాణ ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు. నిజాముగా ఆయనకు దక్కవలసిన మర్యాద దక్కింది. నాకు మాత్రం ఆయన ఏ కాజీపేట లోకోషెడ్ కార్మికుడి ఇంట్లోనో, గోదావరిఖని వర్క్‌షాపు ఫిట్టర్ ఇంట్లోనో పుట్టి ఉంటే ముసలితనం దాకా చేతినిండా పనితో, మంచి మేస్త్రి అన్న పేరుతో బతికేవారని అనిపిస్తుంది.