తమ పేరు తాము పెట్టుకున్న కౌంటీ

అమెరికాలోని దక్షిణ డకోటా రాష్ట్రంలో ఓగ్లాలా లకోటా కౌంటీ ఉంది. కౌంటీ అంటే ఇంచుమించు మన జిల్లా లాంటిది. ఇది మొత్తం పైన్ రిడ్జ్ అనే ఆదివాసీ రిజర్వేషన్‌లోనే ఉంది. సుమారు 5,400 చదరపు కిలోమీటర్ల గడ్డిమైదానాలు, వానకు గాలికి కోసుకుపోయిన మట్టిగుట్టలు. 2020 లెక్కల ప్రకారం జనాభా 13,672. పదిమందిలో తొమ్మిదిమందికి పైగా ఆదివాసులే.

లకోటాలకు పవిత్రమైన బ్లాక్ హిల్స్ కొండలు వారివేనని 1868 ఒప్పందంలో ప్రభుత్వం ఒప్పుకుంది. అక్కడ బంగారం దొరికాక 1877లో లాక్కుంది. 1890 డిసెంబరు 29న ఈ కౌంటీలోని ఊండెడ్ నీ వాగు దగ్గర సైన్యం వందలాది లకోటాలను, ఆడవాళ్లు పిల్లలతో సహా, కాల్చి చంపింది. 1980లో సుప్రీంకోర్టు కొండలకు పరిహారం ఇమ్మంది. వారు ఆ డబ్బు ముట్టలేదు, భూమే కావాలన్నారు.

ఈ కౌంటీ పాతపేరు షానన్. ఆయన 1882లో లకోటాల భూమి తగ్గించడానికి వచ్చిన కమిషన్‌లో సభ్యుడు. 2014లో ప్రజలు ఓటు వేసి ఆ పేరు తీసేయించారు. 2015 నుంచి కొత్తపేరు అమలైంది.

యువతీ యువకులారా! మన గూడేలకు, వాగులకు, గుట్టలకు మన పెద్దలు పెట్టిన పేర్లున్నాయి. వారున్నప్పుడే అడిగి రాసిపెట్టుకుందాం.