గ్రాన్‌విల్ సోదరుల విమాన నిర్మాణశాల

గ్రాన్‌విల్ సోదరుల విమాన నిర్మాణశాల, అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణమందు 1929 మొదలు 1933 వఱకు నడచి, 'జీ బీ' అను పేరిట పందెపు విమానములను నిర్మించిన చిన్న సంస్థ. జాంట్‌ఫర్డ్ గ్రాన్‌విల్ తన నలుగురు సోదరులతో గూడి దీనిని నడిపెను. ఆర్థిక మాంద్యమున విహారవిమానములు కొనువారు కరవగుటచే, వీరు బహుమానధనమును, కీర్తిని ఆశించి వేగవిమానములవైపు మరలిరి. వీరి 'మోడల్ జెడ్' 1931లో థాంప్సన్ ట్రోఫీ అను విమానపందెమును గెలిచినను, డిసెంబరు 5న వేగపరీక్షలో కూలి, చోదకుడు లొవెల్ బేల్స్ మరణించెను.

న్యూయార్కు విశ్వవిద్యాలయపు వాయుసొరంగమున నమూనాలను పరీక్షించి, 1932లో నిర్మించిన 'ఆర్-1' వీరి కృషికి పరాకాష్ఠ. దీని పొడవు సుమారు 5.4 మీటర్లు, ఱెక్కల విస్తారము 7.6 మీటర్లు. స్థూలమైన ఇంజను వెనుక ఉబ్బి, తోకవైపు నీటిబొట్టువలె సన్నగిలు దేహము. చోదకుని ఆసనమో, నిలువుతోకను ఆనుకొనినట్లే యుండును. చోదకుడు జిమ్మీ డూలిటిల్ సెప్టెంబరు 3న క్లీవ్‌లాండ్‌లో దీనిని గంటకు 476 కిలోమీటర్ల వేగమున నడిపి భూవిమానముల ప్రపంచ రికార్డును సాధించి, రెండు దినములకు థాంప్సన్ ట్రోఫీని గైకొనెను. అంతటి విజయమైనను సంస్థను నిలుపజాలదయ్యె. 1933లో అది దివాలా తీసెను. జాంట్‌ఫర్డ్ 1934 ఫిబ్రవరిలో స్పార్టన్‌బర్గ్‌వద్ద విమానప్రమాదమున మరణించెను.