దాది నుంచి ధాత్రి దాకా

ధాత్రి ప్రకృతి, దాది వికృతి అని బి.ఏ.లో బట్టీ పట్టాం. పరాయి బిడ్డకు పాలిచ్చి పెంచేదే దాది. మా పాతబస్తీ దేవిడీల్లో అలాంటి దాదులుండేవారు. మరి వాళ్ల సొంత బిడ్డలు ఎవరి పాలు తాగారో!

మూసీకి అవతల నీలోఫర్ ఆసుపత్రి ఉంది కదా. కాన్పులో తన పరిచారిక చనిపోయిందన్న బాధతో నిజాం కోడలు నీలోఫర్ పూనుకుంటే 1953లో వెలిసింది. 2017లో అక్కడే తల్లిపాల బ్యాంకు పెట్టారు. పేరు ధాత్రి! ఆసియాలో మొదటిది 1989లో ముంబై సయాన్ ఆసుపత్రిలో వచ్చింది. తల్లులిచ్చిన పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, పరీక్షించి, నెలలు నిండని పిల్లలకు పడతారు. ఇక్కడ తన బిడ్డకు పట్టగా మిగిలినవే తల్లి ఇస్తుంది. పాత దాదికి ఆ వీలు లేదు.

బిడ్డ అద్దాలపెట్టెలో ఉంటే "నాకు పాలు పడలేదక్కా" అని మా చెల్లెలూ ఏడ్చింది. రొమ్ము ఖాళీ అయ్యేకొద్దీ పాలు ఊరతాయి, నిండి ఉంటే ఊరడం తగ్గుతుంది. అందుకే పంపుతోనో చేత్తోనో రోజుకు 8 సార్లైనా, రాత్రి కూడా, తీయాలి. ఎల్లిపాయ కారం, మెంతులు తినండి, కాదనను. మొదట వచ్చేవి చుక్కలే. వాటిని చూసి మాత్రం పంపు పక్కన పడేయకండి. ఆ బిడ్డ పొట్టకు ఆ చుక్కలే ఎక్కువ.