అడుగుపెట్టరాని అడవికి నూరేళ్లు

1951 ఆగస్టు 29న మాస్కోలో వెలువడిన ఒక్క ఉత్తర్వుతో సోవియట్ దేశంలోని 128 జపోవెద్నిక్‌లు, అంటే కట్టుదిట్టంగా కాపాడే ప్రకృతి రక్షిత ప్రాంతాలు, కాస్తా 40కి పడిపోయాయి. విస్తీర్ణం చూస్తే దెబ్బ ఇంకా పెద్దది. సుమారు కోటీ 26 లక్షల హెక్టార్లు ఉన్నది 14 లక్షలకు దిగజారింది. ఇది వేటగాళ్ల పనీ కాదు, కలప దొంగల పనీ కాదు. కాపాడతానని రాసిచ్చిన సర్కారే చేసిన పని. ఈ అడవుల నూరేళ్ల చరిత్ర తిరగేస్తే, చట్టం ఎవరి చేతులు కట్టాలో వాళ్ల చేతులే కట్టలేకపోయిందని నాకు అనిపిస్తుంది.

జపోవెద్నిక్‌ను మన అభయారణ్యంతో పోల్చలేం. మన దగ్గర సఫారీ జీపులు తిరుగుతాయి. అక్కడ చెట్టు కొట్టకూడదు, పశువును తోలకూడదు, పుట్టగొడుగు కూడా ఏరకూడదు. శాస్త్రవేత్త, కాపలాదారు తప్ప మరొకరు అనుమతి లేనిదే లోపలికి పోకూడదు.

ఈ ఆలోచన పుట్టింది కరువులోంచి. 1891లో రష్యా స్టెప్పీ మైదానాలు ఎండిపోయి జనం ఆకలితో అల్లాడారు. మట్టిని చదివిన దొకుచాయెవ్ ఒక మాట పట్టుకున్నాడు: దున్నని నేల ఎక్కడో కొంత మిగిలితేనే కదా, దున్నిన నేల ఏం పోగొట్టుకుందో తెలిసేది! 1908లో జంతు శాస్త్రవేత్త కొజెవ్నికోవ్ దాన్ని ఇంకా బిగించాడు. ఆ నేలకు ఏదీ చేర్చొద్దు, ఏదీ తీయొద్దు, బాగుచేయనూ వద్దు, ఏమవుతుందో చూస్తూ ఉందాం అన్నాడు.

అయితే ఖజానాకు మట్టి కన్నా బొచ్చు ముద్దు. సైబీరియా అడవుల్లో సేబుల్ అనే చిన్న జంతువు ఉంది. దాని నల్లటి మెత్తని తోలు మీద మోజుతో వేటాడి వేటాడి దాదాపు తుడిచిపెట్టారు. 1913 నుంచి మూడేళ్లకు పైగా వేట నిషేధించారు. ఆ వెనకే, 1917 జనవరిలో, బైకాల్ సరస్సు తూర్పు ఒడ్డున బర్గుజిన్ జపోవెద్నిక్ వెలిసింది. సేబుల్ మళ్లీ పెరిగింది. కానీ అక్కడ తరతరాలుగా వేటాడి బతికిన ఎవెంకీలను మాత్రం ఖాళీ చేయించారు. నల్లమల పెంటల్లో చెంచుల గోడు విన్నవాళ్లకు ఈ కథ కొత్తేమీ కాదు.

విప్లవం తర్వాత జరిగింది మరీ విచిత్రం. 1919 జనవరిలో, అంతర్యుద్ధం మండుతుండగా, అస్త్రఖాన్ నుంచి వచ్చిన పొద్యాపొల్‌స్కీ లెనిన్‌ను కలిసి వోల్గా డెల్టాను కాపాడాలన్నాడు. దొరసానుల టోపీలకు ఈకల కోసం అక్కడి తెల్లకొంగలను అప్పటికే ఊచకోత కోశారు. లెనిన్ సరేనన్నాడు. ఏప్రిల్‌కల్లా జపోవెద్నిక్ ఏర్పడింది. 1921 సెప్టెంబరులో దేశమంతటికీ వర్తించే శాసనం వచ్చింది. కాగితం మీద ఉన్నది అడవిలో జరగడం వేరే సంగతి. 1924లో కాకసస్ జపోవెద్నిక్ పెట్టారు, 1927లో అక్కడి చివరి అడవి బైసన్‌ను వేటగాళ్లు చంపేశారు.

1930ల నుంచి గాలి మారింది. ఊరికే చూస్తూ ఉండే అడవి ఎందుకు, దేశానికి పనికిరావద్దా అన్నారు. తోడేళ్లను కాల్చారు, ఎక్కడెక్కడి జంతువులనో తెచ్చి వదిలారు. కొజెవ్నికోవ్ చెప్పిన మూడు వద్దులూ మూలపడ్డాయి.

నిజానికి ఆ వద్దుల్లోనూ ఒక చిక్కుంది. 1935లో ఏర్పడ్డ నల్లరేగడి జపోవెద్నిక్‌లో, కుర్స్క్ దగ్గర, స్టెప్పీని అసలు ముట్టకుండా వదిలిన చోట ఎండుగడ్డి మందంగా పేరుకుంది, పొదలు లేచాయి. మేసే అడవి గుర్రాలు ఎప్పుడో పోయాయి మరి. అందుకే అక్కడ కొంత నేలలో గడ్డి కోస్తారు, కొంత మేపుతారు, కొంత అలాగే వదిలేస్తారు. చట్టం రాసినవాళ్లకు తట్టనిది గడ్డి చెప్పింది.

ఇక రద్దుల సంగతికొస్తే, అల్తాయ్ జపోవెద్నిక్ కథ చూడండి. 1932లో పుట్టింది, 1951లో రద్దు. 1958లో మళ్లీ వచ్చింది, 1961లో మళ్లీ రద్దు. జపోవెద్నిక్‌ల మీద తీసిన ఒక సినిమాలో ఉడుత గింజ కొరుకుతుంటే చూసి, రక్షణ లేకపోతే ఉడుత కొరకదా అని అప్పటి సోవియట్ అధినేత క్రుశ్చేవ్ ఒక సభలో వెటకారం చేశాడు. సభ నవ్వి ఉంటుంది. 1967లో అల్తాయ్ మూడోసారి లేచింది.

ఇన్ని కోతల మధ్య తెగనిది ఒకటుంది, ప్రకృతి దినచర్య పుస్తకం. మంచు ఎంత లోతు పడింది, నదిలో మంచుగడ్డ ఎప్పుడు విరిగింది, కోకిల ఏ రోజు మొదట కూసింది అని ప్రతి జపోవెద్నిక్ ఏటా ఒక సంపుటం రాస్తుంది. ఇలాంటి నమోదులు ఐదు లక్షలకు పైగా గుదిగుచ్చి 2020లో ప్రపంచ శాస్త్రవేత్తల ముందు పెట్టారు. వాతావరణ మార్పు లెక్కలకు ఇంత పాత, ఇంత ఓపికైన రికార్డు దొరకడం అరుదు.

సోవియట్ యూనియన్ పోయాక 1995 మార్చి 14న రష్యా ప్రత్యేక చట్టం చేసింది. జపోవెద్నిక్‌ల నేల, నీరు, భూగర్భం ఆర్థిక వినియోగం నుంచి పూర్తిగా తప్పించినట్టు రాసింది. నూరేళ్లలో ఇదే గట్టి కాగితం. దానికీ సవరణలు మొదలయ్యాయి. 2011లో విజ్ఞాన పర్యాటకానికి తలుపు తీశారు. 2013 చివర్లో కొన్ని జపోవెద్నిక్‌లను జాతీయ పార్కులుగా మార్చే వీలు కల్పించారు. పార్కు అంటే పర్యాటకులు, వాళ్ల వెనక బసలు, రోడ్లు. ఈసారి ఎవరూ రద్దు మాట ఎత్తడం లేదు, బోర్డు మారిస్తే సరిపోతుంది.