జర్నలిజం చదవాలా? ప్రత్తిపాడుకు దగ్గర్లోనే వర్సిటీ.. అసలు పాఠం మాత్రం మిర్చి యార్డులో

ప్రత్తిపాడు: డిగ్రీ అయ్యాక జర్నలిజం చదవాలనుకునే ఇక్కడి యువతకు దగ్గర్లోనే దారి ఉంది. గుంటూరు-విజయవాడ హైవే పక్కనున్న ఆచార్య నాగార్జున యూనివర్సిటీలో జర్నలిజం పీజీ ఉంది. ఏ డిగ్రీ అయినా ఓకే, ఏపీ పీజీసెట్ రాయాలి.

తెలుగునాట ఈ కోర్సు కొత్తదేం కాదు, ఉస్మానియాలో 1954లోనే మొదలైంది. అయినా మండల విలేకరుల్లో ఎక్కువమంది పనిలో దిగాకే నేర్చుకున్నారు. 1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు తేవడంతో ఊరి వార్తకు చోటు దొరికింది, రాసేవాళ్ల అవసరమూ పెరిగింది.

నేర్చుకోకపోతే నష్టం ఎవరికో గుంటూరు మిర్చి యార్డు వార్త చూస్తే తెలుస్తుంది. హెడ్డింగ్‌లోకి ఎక్కేది గరిష్ఠ ధరే. కనిష్ఠం ఎంత, ఆ రేటు ఏ రకానికి, ఎన్ని టిక్కీలకు పలికింది అన్నది అడిగి రాయాలి. లేదంటే ఆ హెడ్డింగ్ నమ్మి, కిరాయి పెట్టుకుని సరుకు తెచ్చిన రైతు తక్కువకే తెగనమ్ముకోవాల్సి వస్తుంది.