చెట్టుకు నెంబరు ఉంది, కల్లుకు పేరు లేదు

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాయమని సంపాదకవర్గం వారు కోరగా, నాకు తెలిసిన ఎక్సైజ్ శాఖ సంగతే వ్రాస్తున్నాను. 1973లో గుమాస్తాగా చేరి 2008లో రిటైరయ్యాను. ఇది తాగుడును పొగిడే వ్యాసం కాదని ముందే మనవి.

క్రిందటి వేసవిలో, స్పెయిన్‌లో చదువుతున్న మా మనవడు ఒక ఖాళీ వైన్ సీసా తెచ్చి, పూలు పెట్టుకోమని వాళ్ల నానమ్మకు ఇచ్చాడు. సీసా వెనుక ఒక ముద్ర, దానిపై నెంబరు, రియోహా అనే పేరు ఉన్నాయి. నెంబరు చూస్తే గుమాస్తా ఊరుకోలేడు కదా! వివరాలన్నీ అడిగాను.

రియోహా ఉత్తర స్పెయిన్‌లో ఎబ్రో నదీ ప్రాంతం. 19వ శతాబ్దంలో ఫ్రాన్సు ద్రాక్షతోటలను ఫిలోక్సెరా అనే పురుగు నాశనం చేస్తే, బోర్డో వర్తకులు సరుకు కోసం ఇక్కడికి వచ్చారు. గిరాకీ పెరిగేసరికి, వేరే చోటి సరుకును ఆ పేరుతో అమ్మకుండా కాపాడుకోవలసి వచ్చింది. 1925లో ఆ పేరుకు గుర్తింపు లభించింది. మరుసటి ఏడే పర్యవేక్షణ మండలి ఏర్పడింది. దక్షిణాన హెరెజ్ పట్టణపు సుద్దనేలల వైన్‌లో స్పిరిట్ కలుపుతారు. అందుచేత అది ఓడ ప్రయాణానికి తట్టుకుని ఇంగ్లండు చేరింది. హెరెజ్ అన్న ఊరిపేరే ఆంగ్లేయుల నోట షెర్రీ అయింది.

"తాతయ్యా, మీ రిజిస్టర్లలో కూడా ఇలా ఊళ్ల పేర్లు ఉండేవా?" అన్నాడు మనవడు. ఆ ప్రశ్న నన్ను యాభై ఏళ్లు వెనక్కి తీసుకుపోయింది.

మన డెల్టాలో కల్లుకు లెక్క లేకపోలేదు. 1886 మద్రాసు అబ్కారీ చట్టం నాటినుంచి దుకాణాలకు వేలం, చెట్లకు పన్ను ఉండేవి. గీతకు ఇచ్చిన ప్రతి చెట్టుకూ నెంబరు వేయాలి. తరువాత నిషేధం వచ్చింది. రాజాజీ గారు 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టినది 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ వ్యాపించింది. గీత కార్మికులకు బదులుగా, సున్నం పూసిన కుండలో నీరా దింపి తాటిబెల్లం వండుకోమని చెప్పారు. మన పక్కనే ఉన్న యానాం మాత్రం 1954 దాకా ఫ్రెంచి వారి ఏలుబడిలో ఉండటంచేత, ఆ చట్టం అక్కడ చెల్లలేదు. అదే సంవత్సరం నవంబరులో ఈ నిషేధం వ్యవహారంపైనే ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1968లో కొత్త ఎక్సైజ్ చట్టం వచ్చింది. 1993లో సారా, 1995లో మద్యం నిషేధించినప్పుడు కూడా కల్లును మినహాయించారు. 1997లో మద్య నిషేధం సడలింది.

ఇంత చరిత్రలోనూ ప్రభుత్వం అడిగినది రెండే: చెట్లెన్ని, పైకమెంత?

నేను చేరిన కొత్తలో, కోనసీమ వైపునుంచి ఒక వృద్ధ గీత కార్మికుడు చెట్టు పన్ను కట్టడానికి వచ్చేవాడు. ఒకసారి నా రిజిస్టరు కేసి చూసి, "బాబుగారూ, ఇసక నేల చెట్టు కల్లు వేరండీ, కాలవ గట్టు చెట్టు కల్లు వేరండీ. నోట్లో పోసుకుంటే ఏ దిబ్బదో చెప్పేత్తానండి. అది రాయరా ఏటండీ?" అన్నాడు. "అలాంటి కాలమ్ లేదయ్యా" అని నవ్వి రశీదు చేతికిచ్చాను. ఆయన కూడా నవ్వి, "ఆయ్, అలాగేనండి" అని వెళ్లిపోయాడు. ఏ దిబ్బలో, ఏమి తేడా అని నేను అడగనైనా లేదు.

కల్లుకు పేరు రాకపోవడానికి కారణం దాని గుణంలోనే ఉంది. పొద్దున దింపినది తియ్యగా ఉంటుంది, సాయంత్రానికి పులుస్తుంది, మర్నాటికి పనికిరాదు. ఓడ ఎక్కలేనిదానికి దూరదేశాన పేరెలా వస్తుంది? అయినా మన జిల్లాల్లోనూ ప్రాంతభేదం ఉంది. వేసవిలో తాటికల్లు, చలికాలంలో ఈతకల్లు, రంపచోడవరం, మారేడుమిల్లి కొండల్లో జీలుగుకల్లు. రంపచోడవరం దగ్గర పందిరిమామిడి ఉద్యాన పరిశోధనా స్థానంలో తాటిపై పరిశోధన కూడా జరుగుతోంది.

ఊరిపేరుకు చట్టరక్షణ మనకూ కొత్త కాదు. 1999లో చేసిన భౌగోళిక గుర్తింపు చట్టం 2003లో అమలులోకి వచ్చింది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు ఆ గుర్తింపు లభించింది. అలాంటి గుర్తింపు కావాలంటే ముందు చరిత్ర కాగితం మీద ఉండాలి. గీత కార్మికుల పిల్లలు మోకు వదిలి వేరే పనులకు పోతున్నారు. చెట్టు మీదినుంచి పడి నడుములు విరిగిన వారిని చూసిన నేను, వాళ్లను తప్పుపట్టలేను. కాని మోకుతో పాటు ఆ తెలివీ పోతోంది.

కనుక ఎక్సైజ్, రెవెన్యూ శాఖలలో పనిచేసిన మిత్రులకు నా విన్నపం. మీ ఊళ్లలో ఇంకా ఉన్న వృద్ధ గీత కార్మికులను కలిసి, ఏ నేలలో ఏ చెట్టు, దాని కల్లు ఎలా ఉండేదని అడిగి వ్రాసి ఉంచండి. నేను మాత్రం ఆ పెద్దాయన పేరు, చెట్టు నెంబర్లు ముత్యాల్లాంటి అక్షరాలతో వ్రాశాను, ఆయన చెప్పిన మాట వ్రాసుకోలేదు.