భుజం కటింగ్ చూసి ఆగిన కెమెరా

1978 డిసెంబర్ చివర్లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక మాన్‌హాటన్ వీధుల్లో తీసిన కొన్ని ఫోటోలు వేసింది. అన్నీ దారిన పోయేవాళ్లవే. ఎవరినీ ఆపి నిలబెట్టి తీసినవి కావు. వాటికి నాంది పలికినది గ్రెటా గార్బో ఫోటో. ఆమె సినిమాలు మానేసి అప్పటికి మూడు దశాబ్దాలు దాటింది. కెమెరా కంట పడకుండా తిరగడంలో ఆరితేరిన మనిషి. తమాషా ఏమిటంటే, ఫోటో తీసిన బిల్ కనింగ్‌హామ్‌కు ఆమె ఎవరో ఆ క్షణాన తెలియదు. ఆయన చూసింది బొచ్చు కోటుని, అందులోనూ భుజం దగ్గర కటింగ్‌ని. ముఖం సంగతి తరవాత బయటపడింది. మన దర్జీలు కూడా అంతే, కొలతలకు వచ్చినవాడి ముఖం కంటే ముందు భుజం చూస్తారు.

వీధిలో బట్టల ఫోటోలు తీయడం ఆయనతోనే మొదలైందంటే అబద్ధమవుతుంది. 1900ల తొలి దశకంలోనే లండన్ కెన్సింగ్టన్ వీధుల్లో నడిచే ఆడవాళ్లను ‘పంచ్’ పత్రిక కార్టూనిస్టు లిన్లీ సాంబోర్న్ ఫోటోలు తీశాడు. పారిస్‌లో సీబర్గర్ సోదరులు 1909 నుంచి గుర్రప్పందేల మైదానాల్లో కెమెరాలతో కాపు కాసేవాళ్లు. అయితే ఆ మైదానాలకు పారిస్ దుస్తుల కంపెనీలు తమ కొత్త గౌన్లు తొడిగి మోడల్ అమ్మాయిలను పంపేవి. చూసేవాళ్లకు షికారు, పంపినవాళ్లకు వ్యాపారం. కనింగ్‌హామ్ కొత్తగా తెచ్చింది ఏమిటో తెలియాలంటే, దారిన పోయేవాళ్లకూ ఇలా పంపిన మోడళ్లకూ ఉన్న తేడా గుర్తుంచుకోవాలి.

ఆయన 1929లో బోస్టన్‌లో పుట్టాడు. హార్వర్డ్‌లో చేరి, చదువు మధ్యలో వదిలేసి న్యూయార్క్ చేరాడు. ‘విలియం జె.’ పేరుతో ఆడవాళ్ల టోపీలు తయారుచేసి అమ్మాడు. 1960లు వచ్చేసరికి టోపీలు పెట్టుకునే అలవాటే తగ్గిపోయింది, దుకాణం మూతపడింది. పత్రికలకు ఫ్యాషన్ గురించి రాయడం మొదలుపెట్టాడు. సుమారు 1967లో ఫోటోగ్రాఫర్ డేవిడ్ మాంట్‌గోమరీ ఆయన చేతిలో ఒలింపస్ పెన్ కెమెరా పెట్టి, దీన్ని నోటు పుస్తకంలా వాడుకో అన్నాడు. ఖరీదు సుమారు 35 డాలర్లు, జేబులో పట్టేంత బుల్లి కెమెరా. పైగా ఒక్కో బొమ్మకు సగం ఫ్రేము మాత్రమే వాడుకుంటుంది. మామూలు కెమెరాలో 36 బొమ్మలు వచ్చే రీలు ఇందులో 72 ఇస్తుంది. చేతిలో డబ్బులేని మనిషికి అది చిన్న విషయం కాదు. ఒక్కో బొమ్మకూ లెక్క చూసుకునేవాడు వీధిలో ఎదురుపడ్డ ప్రతి మడతా, ప్రతి మడమా రాసిపెట్టుకోలేడు.

గార్బో తరవాత ఆ ఫోటోలు ‘ఆన్ ది స్ట్రీట్’ అనే శీర్షికగా స్థిరపడ్డాయి. పేరున్నవాళ్ల ఫోటోలు వాళ్లను అడగకుండా తమ పత్రికలో వేయడం ఆ డిసెంబర్‌లోనే మొదలని, అదొక మలుపని టైమ్స్ సంపాదకుడు ఆర్థర్ గెల్బ్ చెప్పాడు.

కనింగ్‌హామ్ పని తీరు చూస్తే ఫ్యాషన్ విలేఖరి కంటే వాతావరణ పరిశీలకుడు గుర్తొస్తాడు. ఫిఫ్త్ అవెన్యూ, 57వ వీధి కలిసే మూల ఆయన అడ్డా. ఈ వారం ఫలానా రంగు వేద్దామని ఇంటి దగ్గరే తీర్మానించుకుని బయలుదేరేవాడు కాదు. సైకిల్ మీద వచ్చి, నిలబడి, చూస్తూ ఉండేవాడు. ఒకే తరహా కోటు పదిమంది మీద కనిపిస్తే అది వార్త. వాన, మంచు పడితే ఆయనకు పండగే. గొడుగు తిరగబడుతున్నప్పుడు, బురదగుంట దాటుతున్నప్పుడు మనిషి కెమెరాని మర్చిపోతాడు. ఐక్యరాజ్యసమితిలో పనిచేసిన నేపాల్ పెద్దమనిషి శైల్ ఉపాధ్యాయ తన రంగురంగుల సూట్లు తనే డిజైన్ చేసుకునేవాడు. అలాంటివాళ్లంటే కనింగ్‌హామ్‌కు ప్రాణం. పారిస్‌లో ఒకసారి ఫోటోగ్రాఫర్లంతా కేథరిన్ డెన్యూవ్ చుట్టూ మూగితే ఈయన మాత్రం కెమెరా ఎత్తలేదు. ఆమె వేసుకున్నదాంట్లో విశేషమేమీ లేదట.

తారలకు ఊరికే వచ్చే గౌన్ల మీద ఆయనకు ఆసక్తి లేదు. సొంత డబ్బుతో కొనుక్కున్నవాళ్లు, ఉన్నదాన్ని సొంత తెలివితో కలిపి వేసుకున్నవాళ్లు కావాలి. తన విషయంలోనూ అదే పట్టుదల. విందులకు వెళ్లి ఫోటోలు తీస్తే అక్కడ మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. పత్రికలో ఉద్యోగం ఇస్తామన్నా చాలాకాలం ఒప్పుకోలేదు. సైకిల్ మీద పోతుంటే లారీ గుద్దాక, ఆరోగ్య బీమా కోసం 1994లో చేరాడు. కార్నెగీ హాల్ పైన వంటగది లేని చిన్న గది, దాన్నిండా నెగెటివ్‌ల బీరువాలు. ఒంటి మీద ఎప్పుడూ పారిస్ పారిశుధ్య కార్మికులు వేసుకునే నీలం కోటు. అది చవక, జేబులు ఎక్కువ. మంది బట్టలను అంత ప్రేమగా చూసినవాడు తన చిరిగిన వాన కోటును టేపు అంటించి వాడుకున్నాడు.

2016 జూన్‌లో, 87 ఏళ్ల వయసులో ఆయన పోయేనాటికి ఈ రకం ఫోటోలు ప్రపంచమంతా పాకాయి. 2005లో స్కాట్ షూమన్ ఇంటర్నెట్‌లో ‘ది సార్టోరియలిస్ట్’ మొదలుపెట్టాక ఎందరో అదే దారి పట్టారు. ఇప్పుడు పెద్ద నగరాల్లో ఫ్యాషన్ షో జరిగితే లోపలి వేదిక కంటే బయటి పేవ్‌మెంటు మీదే సందడి ఎక్కువ. అక్కడ అటూ ఇటూ నడిచేవాళ్లలో కొందరి ఒంటి మీదున్నవి కంపెనీలు అరువిచ్చిన బట్టలు. సీబర్గర్ సోదరుల కాలానికే మళ్లీ వచ్చామన్నమాట. కనింగ్‌హామ్ ఉంటే ఆ గుంపులో చాలామందిని దాటుకుని, పక్క సందులో సామాను మోసుకుపోతున్న మనిషి చొక్కా దగ్గర ఆగేవాడని నా అనుమానం. అయితే అలా ఆగి చూడదగ్గ మనుషులు వీధిలో ఉండాలి కదా. టోక్యోలోని హరాజుకు వీధుల్లో తిరిగే కుర్రకారు ఫోటోల కోసం షోయిచి ఆవోకి 1997లో మొదలుపెట్టిన ‘ఫ్రూట్స్’ పత్రిక 2017లో ఆగిపోయింది. ఫోటో తీయదగ్గట్టు తయారయ్యే పిల్లలు ఇక కనపడటం లేదన్నది ఆయన చెప్పిన కారణం.